ముగ్గు పడని పూట

మొన్న మా ఆఫీసులో అందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టారు. పని ఒత్తిడి తగ్గించడానికట, బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మనిషికొక అరచేయంత తెల్ల అట్టముక్క, ఒక నల్ల పెన్ను పంచింది. "బొమ్మలు రావని ఎవరూ భయపడకండి. నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టి కలపండి. లోపల ఒక వంకర గీత గీయండి. ఎన్ని గదులు ఏర్పడితే అన్ని గదుల్లో మీకు తోచిన గీతలు నింపండి. ఇందులో తప్పు అనేదే లేదు" అని చెప్పింది.

ఎప్పుడూ ఎవరో ఒకరి మీద అరిచే మా మేనేజరు కూడా రెండో తరగతి పిల్లాడిలా నాలుక బయటపెట్టి గీయసాగాడు. నా చేయి నన్ను అడక్కుండానే పోయింది. మొదటి గదిలో చీమల బారు, రెండో దాంట్లో చేప పొలుసులు, మూడో దాంట్లో ముడుచుకున్న రాగి కంకులు. ఆ అమ్మాయి నా వెనక ఆగి, "మేడం, మీరు ఇదివరకే నేర్చుకున్నట్టున్నారు, ఎక్కడ?" అంది. నీళ్ళు తాగి వస్తానని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను.

నేర్పింది మా అక్క.

హోసూరుకూ సూళగిరికీ నడుమ పెద్దరోడ్డు దిగి లోపలికి నడిస్తే మా ఊరు వచ్చేది. ఇప్పుడు నడవనక్కర్లేదు, ఊరే రోడ్డు మీదికి వచ్చేసింది. మా పొలం ఉన్నచోట గోడౌన్లు లేచాయి. నేను చెప్పేది అంతకు ముందు మాట. అప్పుడు నాకు పదేళ్ళు, అక్కకు పద్దెనిమిది. ఇంట్లో అమ్మ, నాయన, కళ్ళు సరిగా కనపడని అవ్వ, మేమిద్దరం.

ఆ ఏడు చలి ఎక్కువ. మా తట్టు చలికాలమంటే అనపకాయల కాలం, చిక్కుడు లాంటి గింజ కాయలు. మంచుకు తడిసిన అనపకాయకు ఒక జిడ్డు వాసన ఉంటుంది, చేతికి అంటితే రెండు రోజులు వదలదు. అమ్మ తెల్లవారక ముందే పొలానికి పోయి కాయలు కోసి, మూట కట్టి మొదటి బస్సుకు వేసేది. ఇంటికి మిగిలిన కాయలు వలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ పితికి తోలు తీయాలి. ఆ పప్పుతో పులుసు, పక్కన వేడి రాగి సంగటి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. పితికే పని ఒక్కరితో తేలేది కాదు. పక్కిళ్ళ ఆడవాళ్ళు నలుగురు వచ్చి, వాకిట్లో తిన్నె మీద గుండ్రంగా కూర్చుని, తలలు వంచుకుని పితికేవాళ్ళు. నేను కావాలనే గింజను అవ్వ ముక్కు మీదికి ఎగిరేలా పితికేదాన్ని. "ఎవుర్తే అది? కండ్లు లేని ముసల్దాన్ని జేసి ఆడుకుంటాండారు" అని అవ్వ గాలిలోనే చేయి విసిరేది.

మా అక్క ముగ్గు వేసిందంటే దారిన పోయేవాళ్ళు దాన్ని తొక్కకుండా గోడకు ఆనుకుని పోయేవాళ్ళు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు కదా, మా ఊళ్ళో ఇల్లు దాకా పోనక్కర్లేదు, వాకిలి చూస్తే చాలనేవాళ్ళు. అయితే వాకిట్లో వేసింది ఆమెకు చాలేది కాదు. చిరిగిన క్యాలెండరు కాగితాల వెనక, పాత పెళ్ళిపత్రికల వెనక, సబ్బు అట్టల లోపల పెన్సిలు ముక్కతో గీస్తూనే ఉండేది. ఒక చదరం గీసి, దాన్ని వంకర గీతలతో గదులుగా కోసి, గదికొక అల్లిక నింపేది. అల్లికలకు పేర్లు కూడా ఆమే పెట్టింది. చీమల బారు, చేప పొలుసు, రాగి కంకి, తట్టల్లిక, గొర్రె బొచ్చు.

"ఏంటికి గీస్తావు ఇవన్నీ?" అని నేనడిగితే, "ఇది గీస్తా ఉంటే నెత్తిలో సద్దు తగ్గుతాది పాపా" అనేది. పద్దెనిమిదేళ్ళ పిల్ల నెత్తిలో ఏం సద్దు ఉంటుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నాకూ పెన్సిలు ఇచ్చింది. నేను మొదటిరోజే కాగితం నిండా నెమలిని వేస్తానన్నాను. అది కోడి కూడా కాలేదు.

"ఎత్తుకుంటానే పెద్దదానికి పోవద్దు" అంది అక్క. "ఒక గది, ఒక పని. ఆ గది నిండేదాకా పక్క గది తట్టు చూడొద్దు."

"తప్పు పోతే?"

"తప్పు పోయిందాన్నే మల్లా మల్లా ఏయి. నాలుగు తూర్లు ఏస్తే అదే వరస అయిపోతాది."

నేను నాలుగు గదులు నింపి ఊరంతా తిప్పి చూపించాను. "పిట్ట కొంచెం కూత ఘనం" అని అవ్వ వెక్కిరించింది.

ఆ చలికాలంలోనే సూళగిరి దారిలో కొత్తగా వచ్చిన ఒక ఫ్యాక్టరీలో ఆడపిల్లలను తీసుకుంటున్నారని తెలిసింది. కంటికి ఆనని స్క్రూలు బిగించే పని. పదో తరగతి చదివి ఉండాలి, చేయి వణకకూడదు. అక్క ఎవరికీ చెప్పకుండా పోస్టుకార్డు రాసింది. పరీక్షకు రమ్మని జాబు వచ్చాకే నాయనకు చూపించింది. నాయన ఆ జాబును రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, మూడోరోజు "పోదాం పద" అన్నాడు.

ఆ పరీక్ష గురించి అక్క మాకు చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. పాములా మెలికలు తిరిగిన ఇనుప తీగ ఒకటి బల్ల మీద నిలబెట్టి ఉందట. చేతిలోని రింగును ఆ తీగకు తగలకుండా ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి. తగిలితే గంట మోగుతుంది. గంటలు టింగు టింగుమంటూనే ఉన్నాయట. అక్క వంతు వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి కూడా మోగలేదు. అక్కడి ఆఫీసరమ్మ నవ్వి, చేతికి ఈ నిలకడ ఎక్కడిదని అడిగిందట. "ముగ్గేసే చెయ్యి మేడం" అని చెప్పిందట అక్క. చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. అంత సంతోషం ఆ ముఖంలో నేను ముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

పని ఖాయమైనట్టే. ఆడపిల్లలు అక్కడే హాస్టల్లో ఉండాలి కాబట్టి, వారం పదిరోజుల్లో ఫ్యాక్టరీవాళ్ళే ఇంటికి వచ్చి, అమ్మానాయనతో మాట్లాడి సంతకం తీసుకుపోతారన్నారు. ఫలానా రోజని చెప్పలేదు.

నాయన ఆగలేకపోయాడు. పిల్లకు పని దొరికితే తల నీలాలు ఇస్తానని మొక్కుకున్నాడట. సంతకం ఇంకా కాకముందే తిరుమలకు పోయి గుండు చేయించుకుని, రెండు లడ్లతో దిగాడు. "నున్నంగా గుమ్మడికాయ మాదిరి ఉండావు కదరా" అని అవ్వ ఆయన తల తడిమి నవ్వింది. లడ్డు చిదిపి వీధంతా పంచాము. అక్క గదులన్నీ ఖాళీ లేకుండా నింపిన క్యాలెండరు కాగితం ఒకటి దేవుడి పటం కింద పెట్టింది.

ఇంట్లో నేనొక్కదాన్నే సంతోషంగా లేను. అక్క పోతే నాకు జడ ఎవరు వేస్తారు, పక్కలో ఎవరు పడుకుంటారు అని లోపల కుళ్ళుతూ ఉండేదాన్ని. పైకి చెప్పడానికి నామోషీ.

నాయన తిరుమల నుంచి వచ్చిన మూడోనాడు అక్క బయట చేరింది. నెలలో ఆ మూడు రోజులు ఆడవాళ్ళు ఇంట్లోకి రాకూడదు, వాకిలి తట్టు తిరగకూడదు. పెరట్లో పశువుల కొట్టం పక్కన చాపా చెంబూ పెట్టుకుని కూర్చోవాలి. మామూలుగానే మా ఇంట్లో ఆ పట్టింపు ఎక్కువ, పైగా అప్పుడు తిరుమల ప్రసాదం ఇంట్లో ఉంది. అమ్మ చీకటితోనే పొలానికి పోయింది. అవ్వకు కళ్ళు కనపడవు. ముగ్గు నా మీద పడింది.

నేను వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లుతుంటే కొట్టం దగ్గర నుంచి అక్క పిలిచింది.

"పాపా, ఇయ్యాల నువ్వే ఏయాల. మూడు చుక్కలు పెట్టి చుట్టు, సాలు."

"నాకు పెద్దదే వస్తాది."

"వస్తాది లే. ఇయ్యాల వద్దు. చిన్నది ఏసి ఇస్కూలుకు పో."

నేను వింటే కదా. పదిహేను చుక్కల మెలిక ముగ్గు ఎత్తుకున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, పిండి ఒకచోట కుప్పగా, ఒకచోట సన్నగా పడుతోంది. మెలిక ముగ్గులో గీత ఎక్కడ మొదలైతే తిరిగి అక్కడికే రావాలి. నా గీత రాలేదు. రెండు చుక్కలు బయట మిగిలిపోయాయి, గీత గుమ్మం దాకా పోయి నిలిచిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పిండి బాగాలేదని తిట్టుకున్నాను. అంతలో నాతో చదివే పిల్ల సంచి తగిలించుకుని పోతూ, "ముగ్గా ఇది, పాము పుట్టా?" అని కిసుక్కున నవ్వింది.

ఒళ్ళు మండిపోయింది. బకెట్లో ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా దాని మీద కుమ్మరించాను. చీపురుతో తుడిచిపారేశాను. వాకిలి శుభ్రంగా, నల్లగా, తడిగా మిగిలింది.

అప్పుడైనా మూడు చుక్కలు పెట్టి ఉండొచ్చు. పిండి ఇంకా చేతిలోనే ఉంది. పెట్టలేదు. సంచి తీసుకుని బడికి పోయాను. కోపంతో అలా చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అక్క పోకుండా ఉంటే బాగుండునన్న ఆశ కూడా అందులో ఎక్కడైనా ఉందా అని అడిగితే, లేదని ప్రమాణం చేయలేను.

మా తట్టు చావు జరిగిన ఇంట్లో వాకిలి కడుగుతారు, ముగ్గు వేయరు. కడిగి ఉండి ముగ్గు లేని వాకిలి కనబడితే ఇక ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. అది పదేళ్ళ పిల్లకు కూడా తెలిసిన సంగతే. నాకూ తెలుసు. మా వాకిలిని చూసి ఎవరో అలా అనుకుంటారని మాత్రం తోచలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇల్లు మామూలుగానే ఉంది. అన్నాల దగ్గర నాయన, "మద్యానం ఒక జీపు మన సందులోకి వచ్చి, రొంతసేపు నిలిచి, ఎనక్కి తిరుక్కొని పోయింది. కరెంటాఫీసోళ్ళు, దారి తప్పినట్టుండారు" అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

వారం గడిచింది. పది రోజులు గడిచాయి. పోస్టాయన సైకిలు బెల్లు వినబడితే అక్క పితికే గింజ చేతిలోనే ఉంచుకుని లేచి నిలబడేది. నెల దాటాక నాయన ఉండబట్టలేక ఫ్యాక్టరీ దగ్గరికే బయలుదేరాడు. గేటు బయట, అక్క పరీక్ష రోజున పేర్లు రాసుకున్న గుమాస్తా ఎదురయ్యాడు. మా తట్టు మనిషే, బాగలూరాయన. ఆయన అన్న మాటలు నాయన ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి మాకు చెప్పాడు.

"ఎవురప్పా మీ ఇంట్లో పోయింది అని అడిగినాడు. ఎవురూ పోలేదే అంటిని. మేము వస్తిమి కదప్పా, వాకిలి కడిగి ముగ్గు లేకుండా ఉండె, నువ్వు గుండు కొట్టించుకోని కూసోనుంటివి, ముసలామె జుట్టు ఇరబోసుకోని ఉండె, ఆడోళ్ళంతా చుట్టూ తలకాయలు వంచుకోని ఉండ్రి, మంచి పనికి బయలుదేరినోళ్ళు సావింట్లో అడుగు పెట్టకూడదని నేనే మేడమ్‌కు చెప్పి జీపు తిప్పించినాను అన్నాడు. ఇంకొక పిల్లని తీసుకునేసినారంట. ఇప్పుడు జాగా లేదంట."

ఆరోజు అవ్వ తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఆడవాళ్ళు తలలు వంచుకుని అనపగింజలు పితుకుతున్నారు. ముగ్గు తొక్కుడుకు చెరిగిందనుకున్నారేమో, ఎవరూ దాని మాట ఎత్తలేదు. చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఆ గుమాస్తా కూడా మర్యాద తెలిసిన మనిషే, తెలియనివాడైతే దిగివచ్చి తలుపు కొట్టేవాడు.

"ఆ పొద్దు ముగ్గు ఎవురు ఏసింది?" అంది అమ్మ.

అందరూ నా వైపు తిరిగారు. "ఏసినాను" అన్నాను. "గొర్రెలు తొక్కేసి పోయినాయి."

అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు ముందు తెలియదు. మా సందులోంచి రోజూ గొర్రెలు తోలుకుపోయే తాత ఒకాయన ఉండేవాడు. పాపం, నాకు కనబడినప్పుడల్లా ఒడిలోంచి రేగుపండ్లు తీసి ఇచ్చేవాడు. నాయన ఆ పూటే పోయి ఆయన్ని పట్టుకుని నలుగురిలో కేకలు వేశాడు. "ఆ దినం నేను ఈ తట్టు రానేలేదు సామీ, చెరువు దిక్కు పోయింటిని" అని ఆ తాత చేతులు జోడించి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఆ తరువాత ఆయన మా సందులోకి ఎప్పుడూ రాలేదు. నన్ను చూస్తే తల తిప్పుకునేవాడు కాదు, అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

నేను గొర్రెల మాట అన్నప్పుడు అక్క ఒక్కసారి నా ముఖంలోకి చూసి, మళ్ళీ చేటలోని గింజల మీదికి వంగింది. మరుసటి వారం బాగలూరు తట్టు గులాబీ షెడ్లలో పనికి చేరింది. ప్లాస్టిక్ కప్పు కింద పొద్దంతా నిలబడి పూలు కోయడం, కట్టలు కట్టడం. రింగును తీగకు తగలనివ్వని ఆ వేళ్ళను ముండ్లు గీరిపారేశాయి. ఇంటికి వచ్చి సంగటి ముద్ద కలుపుకుంటే పులుసు తగిలి మండేది, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని ఊదుకునేది. పెన్సిలు మళ్ళీ ముట్టలేదు. వాకిట్లో మాత్రం పొద్దున్నే, బస్సుకు పోకముందే, ఎంత జ్వరంగా ఉన్నా సరే, మూడు చుక్కల ముగ్గు వేసి పోయేది. అంతకన్నా పెద్దది ఆమె వేయగా నేను చూడలేదు.

నా చదువు ఆ గులాబీలతోనే సాగింది. తనకు పెళ్ళయి రాయకోటకు పోయేదాకా అక్క నాకు ఫీజులు కట్టింది, పోయాక కూడా మొగుడికి తెలియకుండా పంపేది. నా జడ కూడా, మాటకు చెబుతున్నాను, తన పెళ్ళిరోజు పొద్దున దాకా ఆమే వేసింది. పదేళ్ళ పిల్లగా నేను లోపల కోరుకున్నదల్లా నాకు దక్కింది.

నాకు ఉద్యోగం ఆర్డరు చేతికి వచ్చినరోజు ఇంట్లో ఉండలేకపోయాను. దాన్ని సంచిలో పెట్టుకుని హోసూరులో రైలెక్కి రాయకోటకు పోయాను. దారిపొడుగునా ఎలా మొదలుపెట్టాలో మాటలు పేర్చుకున్నాను. అక్క ఇంటి వెనక గట్టు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆర్డరు చూపించాను. చేతులు చీరకు తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి కళ్ళకు అద్దుకుంది. పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. "అక్కా, ఆ దినం గొర్రెలు రాలేదు" అన్నాను.

"తెలుసు" అంది, చింతపండు వైపే చూస్తూ. "నువ్వు బకెట్టు కుమ్మరించింది వింటిని. చీపురు పెట్టి గీకింది వింటిని."

"మరి నాయనకు ఏంటికి చెప్పలేదు?"

ఆమె ఇంకొక గింజ తీసి పక్కన వేసింది.

"కొట్టం సందులో నుంచి చూస్తే వాకిలి బోడిగా కనిపిస్తానే ఉండె. పొద్దున్నుంచీ చూస్తానే కూసోనుంటిని. లేచి పోయి మూడు చుక్కలు పెట్టేసి వస్తే ఎవురికి తెలుస్తాది? అవ్వకి కండ్లు లేవు, నాయన పొద్దెక్కేదాకా చేన్లో ఉండె. రెండు తూర్లు లేస్తిని. ఇంట్లో వెంకన్న ప్రసాదం ఉంది, మైల చేత్తో వాకిలి ముడితే వచ్చే పని రాకుండా పోతాదేమో అని బయపడి మల్లా కూసుంటిని. జీపు వచ్చిన సద్దు కూడా వింటిని పాపా. తిరుక్కొని పోయిన సద్దూ వింటిని."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. చింతపండు పులుపుకు పగిలిన వేళ్ళను కొంగుతో తుడుచుకుంది. ఆ వేళ్ళను పట్టుకుని క్షమించమని అడగాలనే నేను అంత దూరం పోయింది. నా ముఖం చూసి, అడగకముందే ఆమెకు అర్థమైనట్టుంది.

"నువ్వు చిన్నబిడ్డవి. నీ మీద కోపం ఆ వారంలోనే పోయింది" అంది. "నా మీదే ఇంకా పోలేదు."

లేచి లోపలికి పోయి నాకు సంగటి కెలకడానికి ఎసరు పెట్టింది.